అంపైర్ ఒక్కసారే చెప్తాడు

మొక్పో, అక్టోబరు 12

ఓడిపోయి ముఖం వేలాడేసుకున్న బావకి, గెలిచి పొంగిపోతున్న బావమరిది దూషిక్ వెయ్యి దండాలు!

టెలిఫోనులోనే చెప్పేవాణ్ణి. కానీ పోయినేడు మనిద్దరం ఫోనులో అరుచుకుంటుంటే మీ హోటల్లో తింటున్నవాళ్ళు సగంలో లేచిపోయారని, అక్క డయలుకి తాళమేసి చెవి మెళ్ళో కట్టుకుంది కదా. నేను చేస్తే తనే ఎత్తుతుంది, నీకు ఇవ్వదు. అందుకే ఈ కాగితం ఖర్చు.

బేస్‌బాల్ పోటీలో మొదటి ఆట మీ ఎద్దుల జట్టు గెలిచింది, ఒప్పుకుంటాను. రెండోది మా కొంగల జట్టుది. ఇప్పుడు మీ మాసాన్ వాళ్ళంతా అంపైర్ మోసం చేశాడని ఏడుస్తున్నారట. ఆ బంతి సున్నపు గీతకి జానెడు అవతల పడింది బావా. అవతల పడ్డది లెక్కలోకి రాదు, చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేను గీతకి ఎదురుగానే కూర్చున్నాను. అంపైర్ ఉమ్ ప్యోంగ్‌హో చెయ్యెత్తి సరిగ్గానే చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస.

ఆట అయ్యాక మెట్ల మీద మీ ఊరివాడొకడు "అంపైర్ అమ్ముడుపోయాడ్రా, మీరంతా దొంగల సంతానం రా!" అన్నాడు. సంతానం దాకా వస్తే ఎవడూరుకుంటాడు? ముక్కు మీద గుద్దాను. వాడు కింది మెట్టు దాకా దొర్లుకుంటూ పోయాడు. నా పిడికిలి ఇంకా వాచే ఉంది, చేపల గంప ఎత్తలేకపోతున్నాను. అయినా హాయిగా ఉంది.

నాన్న ఉంటే ఈ గొడవ చూసి నవ్వేవాడు. రేవు కూలీల ఆదివారం ఆటల్లో గంప మూత ఛాతీకి కట్టుకుని అంపైరుగా నిలబడేవాడు కదా. ఎవడైనా వాదిస్తే, "అంపైర్ ఒక్కసారే చెప్తాడ్రా. రెండోసారి చెప్తే అది తీర్పు కాదు, బేరం," అని వెనక్కి తిరిగేవాడు. ఆయన తద్దినం ఈసారి 29న వచ్చింది. ఎప్పటిలాగే ఆయన పటం ముందు మొదటి గిన్నె సారా కొడుకుని నేను పోస్తాను, రెండోది అల్లుడివి నువ్వు. అక్క రెండు రోజులు ముందొస్తే వంటకి సాయం. మీ వైపు పళ్ళు, ఆ గట్టి తియ్య పెర్సిమన్లు, ఓ పెట్టె తెమ్మను. నాన్నకి అవంటే ప్రాణం.

గెలిచిన ఊరివాడు,
దూషిక్

మాసాన్, అక్టోబరు 15

ఒరేయ్ దూషిక్,

నీ ఉత్తరం చదువుతుంటే కుండలో మాంక్‌ఫిష్ మాడిపోయింది. ఆ నష్టం నీ ఖాతాలో.

సున్నపు పొడి లేచింది రా గుడ్డివాడా! బంతి అవతల పడితే పొడెందుకు లేస్తుంది? టీవీలో చూశాను, హోటల్లో నలభై మంది చూశారు. ఆ ఉమ్ గాడి పెళ్ళాం మొక్పో పిల్లట. మామగారింటి ఉప్పు తిన్నాడు, చెయ్యెత్తాడు.

ఇంకో సంగతి. మా వీధిలో చేపలు ఎండబెట్టే బే యాంగ్‌సూ మీ ఊరు ఆట చూడ్డానికొచ్చి, ముక్కు విరగ్గొట్టుకుని తిరిగొచ్చాడు. కొట్టినవాడు పొట్టిగా, చెవి కింద కాలిన మచ్చతో ఉన్నాడట. చదివి వినిపిద్దామని నీ ఉత్తరం వాడి ముందే విప్పాను. మెట్ల దగ్గరికి రాగానే నోరు మూసుకున్నాను. నువ్వే కదరా? నా బావమరిదివని నేను చెప్పలేదు. చెప్తే ముందు నా ముక్కు పోతుంది.

నిన్న మూడో ఆట ఇక్కడ మేం గెలిచాం. గెలిచినా ఆ ఉమ్ గాడు రెండుసార్లు మాకు అన్యాయం చేశాడు. సీసాలు వానలా కురిశాయి. వాడి భుజానికి ఒకటి తగిలి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ సీసా ఎవరిదో నేను చెప్పను గానీ, బడిలో ఎడమచేత్తో బంతి విసిరేవాణ్ణి, ఆ విసురు యాభై ఏళ్ళొచ్చినా తగ్గలేదని మాత్రం తెలుసుకో. మీ అక్క అప్పట్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. కంచం మాత్రం చప్పుడయ్యేలా పెడుతోంది.

ఒక మాట నిజంగా చెప్తున్నాను, విను. ఐదో ఆటకి నువ్వు ఇక్కడికి రావద్దు. బస్సు నంబరు పలక మీద మీ రాష్ట్రం పేరు కనిపిస్తే చాలు, మా వాళ్ళు రాళ్ళు ఏరుకుంటున్నారు. నిన్న ఉల్లిపాయల లారీని కూడా వదల్లేదు. డ్రైవరు పాపం ఈ ఊరి అల్లుడే, పలక మాత్రం మీది. తలకి పదకొండు కుట్లు పడ్డాయి.

తద్దినానికి వస్తాను. పెర్సిమన్లు మీ అక్క చూసుకుంటుంది.

నీ బావ,
ప్యో గిల్‌నామ్

మొక్పో, అక్టోబరు 17

బావకి, బే గారి ముక్కుకి, నమస్కారాలు.

అవును, నేనే. క్షమాపణ చెప్పమంటే చెప్తాను, కానీ ముందు ఆయన "సంతానం" మాట వెనక్కి తీసుకోవాలి.

ఉమ్ పెళ్ళాం మొక్పో పిల్లన్నావు. ఇక్కడ రేవులో అందరూ వాడి తల్లిది మాసాన్ అంటున్నారు. చివరికి పేపర్లో వేశారు చూడు. వాడిది ఎక్కడో తూర్పు కొండల్లో బొగ్గు గనుల ఊరు, ఇంకా పెళ్ళే కాలేదు. ఊరంతా కలిసి వాడికి పెళ్ళి చేసేసింది. పాపం, నిన్న నాలుగో ఆట మేం గెలిచాక వాడు దిగిన సత్రం కిటికీలన్నీ మీవాళ్ళు పగలగొట్టారట కదా. భుజానికి కట్టుతోనే పరుపు కింద దూరాడని రేడియోలో చెప్పారు. ఇక్కడ మావాళ్ళు విని పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

లెక్క రెండు రెండు. ఐదో ఆటకి మా రేవు సంఘం బస్సు వేస్తోంది. నేను రాను. నీ మాట మన్నించాను, చూశావా? ఇంట్లోనే రేడియో పక్కన కూర్చుంటాను. అక్కకి చెప్పు, పెర్సిమన్లు మెత్తబడకుండా గట్టివి ఏరమని.

రాను అన్నానని పిరికివాడనుకోకు.

దూషిక్

మాసాన్, అక్టోబరు 20

దొంగ వెధవా,

పెళ్ళాం పుట్టింటికి పోతే మొగుడికి చెప్పి పోతుంది. నా పెళ్ళాం చెప్పకుండా పోయింది. నిన్న సాయంత్రం మీ రేవు బస్సులోకి పెట్టె పట్టుకుని ఎక్కుతుంటే పూలకొట్టు ముసలమ్మ చూసిందట. బట్టల పెట్టేనా అంటే, "ఏమోనయ్యా, బరువుగానే ఉంది," అంది. నువ్వు పిలిచావు, అది వచ్చింది. ఆటలో గెలిచారు, చాల్లేదా? నా ఇల్లు కూడా దోచుకోవాలా?

ఆ ఆట సంగతీ చెప్తాను. ఆఖరిదైన తొమ్మిదో వంతు, ఇద్దరు అవుటైపోయారు, ఒక్క పరుగు తక్కువ. మావాడు జారుకుంటూ వచ్చి పరుగు పూర్తయ్యే తెల్ల పలకని చేత్తో ముట్టుకున్నాడు. ఆ తర్వాతే మీవాడు వాడి ఒంటికి బంతి తాకించాడు. దేవుడు కళ్ళు పెట్టుకుని చూసినా అంతే చెప్తాడు. ఆ ఉమ్ గాడు మాత్రం బొటనవేలు పైకి లాగి "అవుట్" అన్నాడు! ముప్ఫై వేల మంది ఒక్కసారి లేచారు. కంచె విరిగింది, కుర్చీలు తగలబడ్డాయి. అంపైర్ మీ ఊరి బస్సులో దాక్కున్నాడని ఎవడో అరిచాడు. మీ ఆటగాళ్ళ బస్సు ఖాళీగా దొరికింది. పది నిమిషాల్లో ఇనప ఎముకలు మిగిలాయి. ఇదంతా నాకు బే చెప్పాడు. నేను ఎనిమిదో వంతులోనే హోటలుకి వచ్చేశాను.

పొద్దుట్నుంచి టెలిఫోను ఆగకుండా మోగుతోంది. గెలిచామని ఎగతాళి చెయ్యడానికి నువ్వేనని తెలుసు. తీగ పీకి పారేశాను.

మీ అక్కని వెంటనే పంపించు. లేదా నేనే వచ్చి నీ రెండో చెవి కింద కూడా మచ్చ పెడతాను.

గిల్‌నామ్

మొక్పో, అక్టోబరు 20

ప్యో గిల్‌నామ్ గారికి,

ఎన్నిసార్లు ఫోను చేశాను! మోగి మోగి ఆగిపోయింది, ఆ తర్వాత మోగడమే మానేసింది. తీగ నువ్వే పీకి ఉంటావు, నీ సంగతి నాకు తెలీదా?

అక్క కుడి కన్ను పోయింది.

పోయింది అంటే పోయింది. డాక్టరు తీసేశాడు. సీసా ముక్క లోపలిదాకా దిగింది.

నేను రాననే రాశాను, కానీ వచ్చాను. అక్కకి మాత్రం ఫోనులో చెప్పాను. తద్దినం పళ్ళు బస్సు దగ్గరికి తెచ్చిస్తానంది, ఈ ఆటలు మొదలయ్యాక నీతో వేగలేక ఓసారి నా ముఖం చూసిపోతానంది. పెట్టె అందించి దిగిపోవాల్సింది. ఇంతలో మీ గుంపు వచ్చి పడింది. డ్రైవరు తలుపులు మూసేసి, "ఎవరూ లేవకండి, తెరలు దించండి!" అని అరిచాడు. సీసాలు, రాళ్ళు, ఇనప ఊచలు. పక్కనే ఆటగాళ్ళ బస్సు మండుతోంది. మా తాతలాంటి మనిషి ఒకాయన సీటు కింద దూరి ఏడ్చాడు. అక్క మీద సీసా పడ్డాక పెర్సిమన్లన్నీ నేల మీద దొర్లాయి. నెత్తుట్లో వాటి మీద కాలేసి జారిపడ్డాను.

బస్సు కదిలాక మీ ఊళ్ళో ఆసుపత్రి దగ్గర ఆపమన్నాను. ఆ తర్వాత దారిలో జింజు ఊళ్ళో ఆపమన్నాను. డ్రైవరు ఆపలేదు. "ఈ పలకతో ఈ రాష్ట్రంలో ఆపితే అందర్నీ కాల్చేస్తారయ్యా," అన్నాడు. బస్సులో ఒక్కడు కూడా కాదనలేదు. నేనూ కాదనలేకపోయాను. సరిహద్దు దాటాక దొరికిన మొదటి ఆసుపత్రిలో, "ఓ గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం," అన్నారు. తెల్లారాక మొక్పో తీసుకొచ్చాం.

నేను ఆ బస్సులో వస్తున్న సంగతి అక్క నీకు చెప్పే ఉంటుంది. నువ్వు బే గాడికి చెప్పి ఉంటావు. నా ముక్కు కోసం వచ్చారు, అక్క కన్ను తీసుకుపోయారు. సంతోషమేనా?

చెయ్ దూషిక్

మాసాన్, అక్టోబరు 23

దూషిక్,

నీ ఉత్తరం, నాది దారిలో ఎదురుపడి ఉంటాయి. నేను రాసినదాన్ని చింపెయ్యి. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. నువ్వు వస్తున్నావని తెలీదు. అది బస్సులో ఉందని తెలీదు.

చదివిన గంటలో బయలుదేరాను. ఆసుపత్రి గేటు దగ్గర నోరు విప్పానో లేదో, నా యాస విని మీ రేవు వాళ్ళు చుట్టుముట్టారు. నేను చెయ్యెత్తలేదు. గంపలు లాగే కొక్కెం కర్రలతో కొట్టారు. రెండు పక్కటెముకలు విరిగాయి, ముందు పన్ను పోయింది. వాళ్ళ వెనక మెట్ల మీద నువ్వు నిలబడి ఉన్నావు. చూశాను. కొట్టమనలేదు, ఆపనూ లేదు. మీ పోలీసులే నన్ను రైలెక్కించారు.

అది సరే. కొట్టించుకోవలసినవాణ్ణే అనుకో. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ వైపు కిటికీల్లో ఒక్క అద్దమూ పగల్లేదు. సీసా లోపలికి ఎలా వచ్చింది? వెనక నుంచి రెండో కిటికీ తెరిచి ఉంది. డ్రైవరు మూసుకోమన్నాక దాన్ని ఎవరు తెరిచారు? మూసి ఉంటే మా ఒక్బున్ కన్ను ఉండేది. ముందు దానికి జవాబు చెప్పు, ఆ తర్వాత మా ఊరిని తిట్టు.

నేను ఆ సమయానికి హోటల్లో ఉన్నాను. గిన్నెలు కడుగుతున్నాను.

దానికి ఏం తినబుద్ధవుతోందో రాయి. ఎండు చేప పులుసు చేసి పంపుతాను.

గిల్‌నామ్

మొక్పో, అక్టోబరు 25

గిల్‌నామ్ గారూ,

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాట్ట ఎవరో. హోటల్లో గిన్నెలు కడుగుతున్న మనిషికి వెనక నుంచి రెండో కిటికీ తెరిచి ఉందని ఎలా తెలిసింది? ఆ బస్సు ఆ తర్వాత మీ ఊళ్ళో ఒక్క క్షణం ఆగలేదు. బే చెప్పాడంటావా? బే ఆ రోజు ముక్కుకి కట్టుతో ఇంట్లోనే పడుకున్నాడని పూలకొట్టు ముసలమ్మకి ఫోను చేస్తే చెప్పింది. నువ్వక్కడ ఉన్నావు. ఎంత దగ్గరలో ఉన్నావు? చేతిలో ఏముంది?

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. తెరలు దించే ఉన్నాయి. అద్దం సందులోంచి వచ్చింది సీసా. నేను అక్క పక్కనే ఉన్నాను, నాకంటే నీకు ఎక్కువ తెలుసా? పాతిక గజాల అవతల పొగలో నిలబడ్డవాడు తెరిచి ఉందంటాడు, పక్కన కూర్చున్నవాడు మూసి ఉందంటాడు. ఎవరి మాట నమ్మాలి?

ఆ రోజు మీవాడు ముమ్మాటికీ అవుటే. అదీ నేను దగ్గర్నుంచే చూశాను.

తద్దినానికి నువ్వు రావద్దు. వస్తే గేటు దగ్గర మావాళ్ళు ఈసారి ఎముకలు లెక్కపెట్టరు. పులుసు పంపావు. కాలవలో పోశాను.

దూషిక్

మొక్పో ఆసుపత్రి, అక్టోబరు 27

మా ఆయనకీ, మా తమ్ముడికీ,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం. నర్సమ్మని అడిగి మధ్యలో కార్బన్ కాగితం పెట్టించుకున్నాను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ రాశానని మళ్ళీ కొట్టుకోకుండా. అక్షరాలు వంకరగా పోతే సర్దుకుని చదవండి, ఒక కన్ను ఇంకా అలవాటు కాలేదు.

మీరు ఒకరికొకరు రాసుకున్నవన్నీ చదివాను. దూషిక్ తన దగ్గరున్నవి నా తలగడ కింద పెట్టి మర్చిపోయాడు. ఆయన రాసినవే కదా ఉన్నాయంటే, వీడు రాసినవి కూడా హోటల్ పనిమనిషి నా బట్టలతో పాటు కట్టి పంపింది, ఈ పొద్దున అందాయి. అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. గీత అవతల పడిందా, ఇవతల పడిందా? చెయ్యి ముందా, బంతి ముందా? కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా? కన్ను పోయింది నాకేనన్న సంగతి మీ ఇద్దరికీ మధ్యమధ్యలో గుర్తొచ్చినట్టుంది.

నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. నువ్వేం చూశావమ్మా అని.

నేను చూశాను. ఆ కంటితో చివరిగా చూసింది అదే.

ఒరేయ్ దూషిక్, కిటికీ నువ్వే తెరిచావు. డ్రైవరు వద్దని అరుస్తూనే ఉన్నాడు. "ఒక్క నిమిషం అక్కా, వీళ్ళకి కుళ్ళు పుట్టిస్తాను," అన్నావు. తెర లాగి, అద్దం తోసి, నడుం దాకా బయటికి వంగి, ఆ ఉమ్ లాగే బొటనవేలు పైకి లాగి "అవుట్! అవుట్!" అని అరిచావు. పక్కన బస్సు తగలబడుతుంటే నువ్వు నవ్వుతున్నావు. నీ చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. నువ్వు వంగావు. నేను వంగలేదు.

ఏమండీ, మీరు దీపస్తంభం దిమ్మ మీద నిలబడి ఉన్నారు. మంట వెలుగు మీ ముఖం మీదే పడింది. తలకి తెల్ల గుడ్డ కట్టుకున్నారు. అది మన వంటింట్లో నేను కుట్టిన గుడ్డ, కుట్టు కూడా గుర్తుపట్టాను. ఆ గుంపులో ఎడమచేత్తో విసిరినవారు మీరొక్కరే. మీరు నన్ను చూసి విసిరారని అనను. వాడి బొటనవేలిని చూసి విసిరారు. కానీ వాణ్ణి గుర్తుపట్టారు. చెయ్యి వెనక్కి లాగినప్పుడు మీ నోరు కదిలింది. "దూషిక్" అన్నారు. అన్నాకే విసిరారు.

ఇందులో ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అని నన్ను తూకం వెయ్యమనకండి. ఇద్దరూ అవుటే.

ఆఖరి ఆట ఎవరో గెలిచినట్టు వార్డులో అరుపులు వినిపించాయి. ఎవరని నేను అడగలేదు. ఆ ఉమ్ కూడా ఇక అంపైరుగా నిలబడనని రాసిచ్చి కొండల్లోకి పోయాడని నర్సమ్మ చెప్పింది. పెళ్ళికాని పిల్లాడట. వాడికి నా తరఫున ఎవరైనా ఓ పెర్సిమన్ల పెట్టె పంపితే బాగుండును.

ఎల్లుండి నాన్న తద్దినం. నన్ను రేపు ఇంటికి పంపేస్తున్నారు. ఈసారి వంటింట్లో మీరిద్దరూ ఉంటారు. అవును, ఆయన్ని రానివ్వాలి. గేటు దగ్గర ఎవరైనా చెయ్యెత్తితే ఆ కొక్కెం కర్రకి ముందు నేను ఎదురొస్తాను, రెండో కన్ను కూడా ఇచ్చేస్తాను. మీరిద్దరూ కలిసి అన్నం వండండి, చేప కడగండి, కాయలు చెక్కు తియ్యండి. ముందుగదిలోకి మాత్రం రావద్దు. మొదటి గిన్నె నేను పోస్తాను, రెండోదీ నేనే పోస్తాను. ఆడది పొయ్యకూడదని పెద్దవాళ్ళు ఎవరైనా అంటే, పోసే మగవాళ్ళు మా ఇంట్లో లేరని చెప్తాను.

ఆ తర్వాత మాసాన్ వెళ్తానా, ఇక్కడే ఉంటానా అని మీరిద్దరూ నన్ను అడగాలని చూస్తారు, నాకు తెలుసు. ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకున్న రోజున చెప్తాను. మీ మీద నాకు కోపం లేదని రాద్దామని కలం పట్టుకున్నాను. కోపం ఉంది. చాలా ఉంది.

జరిగింది మాత్రం ఇదే. దీని మీద ఉత్తరాలు రాయకండి, మంచం పక్కన కూర్చుని నన్ను మళ్ళీ మళ్ళీ అడగకండి. నేను గంప మూత కట్టుకున్నవాడి కూతుర్ని. ఒక్కసారే చెప్తాను.

చెయ్ ఒక్బున్